వెతికితే దొరకాలి

విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందనగానే చాలా కాలేజీల్లో, యూనివర్సిటీల్లో లైబ్రేరియన్ బల్ల మీదికి ఒక సర్క్యులర్ వస్తుంది. ఫలానా తేదీలోగా పరిశోధనలన్నిటితో డిజిటల్ లైబ్రరీ సిద్ధం కావాలని అందులో ఉంటుంది. సర్వర్ ఎక్కడిదో, మనుషులెవరో ఉండదు. ఉన్న కాస్త డబ్బుతో స్కానర్ కొంటారు. బీరువాల్లోని థీసిస్‌లన్నీ దించి స్కాన్ చేయిస్తారు, ఫైళ్లన్నీ సైటులోకి ఎక్కిస్తారు. లెక్కకు ఘనంగానే కనిపిస్తుంది. తీరా ఒక పరిశోధక విద్యార్థి వచ్చి తన అంశం మీద వెతికితే ఏమీ రాదు. అతనికి కావలసిన థీసిస్ అక్కడే ఉంటుంది. రచయిత పేరు తప్పుగా పడి ఉంటుంది, లేదా పేజీలన్నీ బొమ్మలుగానే ఉండిపోయి లోపలి మాట ఒక్కటీ సెర్చ్‌కు అందదు.

ఈ పని మీకు అప్పగించారనుకోండి. మీరు అసిస్టెంట్ లైబ్రేరియన్ కావచ్చు, ఎం.ఎల్.ఐ.ఎస్సీ. పూర్తిచేసి కొత్తగా చేరిన ప్రాజెక్ట్ అసిస్టెంట్ కావచ్చు, కంప్యూటర్ బాగా వచ్చునని పని నెత్తిన పడిన లెక్చరర్ కావచ్చు. నేను చెప్పేది ఒకటే. స్కానింగు ఈ పనిలో తేలికైన భాగం, డబ్బిస్తే బయటివాళ్లు చేసిపెడతారు. వెతికే మనిషి ఏ మాటతో వెతుకుతాడో ముందే ఊహించి, ఆ మాటకు ఆ థీసిస్ దొరికేలా వివరాలు రాసిపెట్టడమే అసలు పని. మీ సమయంలో ఎక్కువ భాగం అక్కడ పెట్టండి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రచురించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చెయ్యమంటుంది. తెర మీది లైబ్రరీకి అంతకన్నా మంచి కొలబద్ద నాకు కనపడలేదు.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: మన దగ్గర ఉన్నదీ, ఇంకెక్కడా లేనిదీ ఏమిటి? పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశమంతటి థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లకు కృషికోశ్ ఉంది. డబ్బు కట్టి చదవాల్సిన జర్నల్స్ సంగతికొస్తే, 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. వీటినే మళ్లీ పోగెయ్యడంలో శ్రమ తప్ప ఫలితం లేదు. 2009కి ముందు టైపు మిషన్ మీద కొట్టిన థీసిస్‌లు, ఎం.ఫిల్. డిసర్టేషన్లు, సెమినార్ పత్రాలు, మీ డిపార్ట్‌మెంటు ఒకప్పుడు తెచ్చి ఆపేసిన పత్రిక సంచికలు, సర్వే నివేదికలు, అధ్యాపకుల వ్యాసాల రాతప్రతులు మీ బీరువాలో తప్ప మరోచోట ఉండకపోవచ్చు. ముందు వాటిని అందుకోండి.

గడువు సంగతి మొదటి సమావేశంలోనే యాజమాన్యంతో తేల్చుకోవాలి. ఒక థీసిస్ వివరాలు సరిగ్గా రాసి, సరిచూడటానికి అరగంట పడుతుందనుకుందాం. వెయ్యి థీసిస్‌లకు 500 గంటలు. రోజుకు నికరంగా ఆరు గంటలు పనిచేసే మనిషికి అది 83 పనిదినాలు, అంటే నాలుగు నెలలకు దగ్గర. ఈ లెక్క కాగితం మీద పెట్టి చూపించండి. మూడు నెలలే గడువంటే ఇంకో మనిషినైనా అడగండి, లేదా మొదటి విడత రెండు మూడు వందలకే పరిమితమని రాయించుకోండి. సరిగ్గా ఎక్కించిన రెండు వందలు పాఠకుడికి పనికొస్తాయి. హడావిడిగా ఎక్కించిన వెయ్యిని తర్వాత ఎవరో మళ్లీ మొదటినుంచి దిద్దాలి.

సాఫ్ట్‌వేర్ గురించి జరగాల్సిన దానికన్నా ఎక్కువ చర్చ జరుగుతుంది. మీ లైబ్రరీలో ఇప్పటికే నడుస్తున్న కోహా అచ్చు పుస్తకాల కేటలాగుకు, ఇచ్చిపుచ్చుకోవడాలకు. పరిశోధన పత్రాల భాండాగారానికి డీస్పేస్ గానీ ఈప్రింట్స్ గానీ వాడతారు. రెండూ ఉచితం. డీస్పేస్‌ను ఎం.ఐ.టి. లైబ్రరీలు, హెచ్‌పీ కలిసి 2002లో విడుదల చేశాయి. శోధ్‌గంగ నడిచేది దాని మీదే. ఈప్రింట్స్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో పుట్టింది. బెంగళూరు ఐ.ఐ.ఎస్సీ., పటాన్‌చెరు ఇక్రిశాట్ దాన్ని ఎంచుకున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా డీస్పేస్. అది తెలిసినవాళ్లు మన దగ్గర ఎక్కువ, ఇబ్బంది వస్తే అడగడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. 2021లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి అది బరువెక్కింది. మూల పడేసిన పాత డెస్క్‌టాప్ ఇచ్చి దీనిమీదే నడపమంటే ఒప్పుకోవద్దు.

ఇక పేర్లు. మన రాష్ట్రాల్లో ఈ పని చేసేవారికి అన్నిటికన్నా ఎక్కువ చిక్కు ఇక్కడే.

సాఫ్ట్‌వేర్ రచయిత పేరును రెండు గళ్లలో అడుగుతుంది: చివరి పేరు, మొదటి పేరు. ఈ పద్ధతి పాశ్చాత్యుల పేర్లకు సరిపోయింది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. ఉదాహరణకు కె. వెంకట సుబ్బారావు అనే ఆయనున్నారనుకోండి. థీసిస్ అట్ట మీద అలాగే ఉంటుంది. ఒక జర్నల్‌లో 'కె.వి. సుబ్బారావు' అవుతారు, ఇంకో జర్నల్‌లో 'రావు, కె.వి.ఎస్.' అవుతారు, సెమినార్ సంచికలో ఇంటిపేరు పూర్తిగా పడుతుంది. ఎక్కించే మనిషి ఎప్పుడేది కనిపిస్తే అది కొట్టుకుంటూ పోతే మీ రచయితల జాబితాలో నలుగురు మనుషులు తయారవుతారు. 'రావు' కింద, 'రెడ్డి' కింద, 'దేవి' కింద ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు వందలమంది చేరతారు. ఒక ప్రొఫెసర్ పేరు నొక్కితే ఆయన రాసినవాటిలో సగమే వస్తే పాఠకుడు మిగతా సగం లేదనే అనుకుంటాడు.

స్త్రీల విషయంలో ఇది ఇంకా బాధాకరం. థీసిస్ పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది. పెళ్లయ్యాక రాసిన వ్యాసాలు అత్తింటి ఇంటిపేరుతో వస్తాయి. ఒకే మనిషి ఇరవయ్యేళ్ల కృషి రెండు ముక్కలై ఇద్దరు వేరువేరు మనుషుల పేర్ల కింద ఉండిపోతుంది. వాళ్లను అడిగి, రెండు పేర్లనూ కలిపే బాధ్యత లైబ్రరీదే.

దీనికి మందు క్రమశిక్షణే. ఒక్కో రచయితకు ఒక్క రూపం నిర్ణయించండి. ఆ పేరు మిగతా రూపాలన్నీ ఒక షీటులో పక్కన రాసిపెట్టండి. పనిచేసే ప్రతి ఒక్కరూ కొత్త పేరు కొట్టేముందు ఆ షీటు చూడాలి. ప్రస్తుతం పనిలో ఉన్న అధ్యాపకులందరి చేత ఆర్కిడ్ నంబరు తీయించండి. 2012 నుంచి ఉన్న ఈ 16 అంకెల గుర్తింపు ఉచితం, పేరు ఎలా రాసినా మనిషి మారడు. ఇప్పటికే గందరగోళమైన జాబితా మీ చేతికొస్తే ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత పనిముట్టు నేర్చుకోండి. శ్రీనివాస్ పేరును ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులతో రాశారో అన్నీ ఒక గుంపుగా చేర్చి ముందు పెడుతుంది. కలపాలా వద్దా అన్నది మాత్రం మీరే చెప్పాలి. ఒకే పొడి అక్షరాలున్న ఇద్దరు వేరువేరు మనుషులు మన దగ్గర మామూలే కాబట్టి, డిపార్ట్‌మెంటూ సంవత్సరమూ చూడకుండా ఎప్పుడూ కలపకండి.

పేర్ల తర్వాత విషయ పదాలు. కంది మీద పరిశోధన చేసే విద్యార్థిని తీసుకుందాం. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లలో ఆ పంట 'రెడ్‌గ్రామ్'. ఇక్రిశాట్ వ్యాసాల్లో, అంతర్జాతీయ జర్నల్స్‌లో 'పీజియన్‌పీ'. అక్కడే కొందరు రెండు మాటలుగా విడదీసి రాస్తారు. ఉత్తరాది పరిశోధనల్లో 'అర్హర్', 'తుర్'. వృక్షశాస్త్రజ్ఞుడికి 'కజానస్ కజాన్'. పంట ఒకటే, కానీ ఒక మాటతో వెతికినవాడికి మిగతా మాటలతో రాసినవి కనపడవు. వేరుశనగకు గ్రౌండ్‌నట్, పీనట్ అనే రెండూ ఉన్నాయి. మిరపను ఇంగ్లిషులో మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో రాస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవాక్ పదకోశం ఇలాంటి మాటలన్నిటినీ ఒక్క భావన కింద చేరుస్తుంది, అందులో తెలుగు మాటలు కూడా ఉన్నాయి. వైద్యానికైతే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తయారుచేసిన మెష్ ఉంది. మీ సబ్జెక్టుకు పదకోశం ఉంటే కీవర్డులు అందులోంచే ఇవ్వండి. డీస్పేస్ వెనక పనిచేసే సోలర్ సెర్చ్‌లో పర్యాయపదాల ఫైలు పెట్టుకునే వీలుంది. ఆ ఫైలు నింపడానికి ప్రతి డిపార్ట్‌మెంటులో ఒక సీనియర్‌తో ఓ పూట కూర్చోండి. సాంకేతిక సిబ్బంది చేత ఒకసారి పెట్టించుకుంటే ఏళ్ల తరబడి ఉపయోగపడే పని అది.

ఊర్ల పేర్లు సామాజిక శాస్త్రాలవారికి ప్రాణం. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 1995లో 'కరీంనగర్ జిల్లా బీడీ కార్మికులు' అన్న శీర్షికతో ఒక థీసిస్ వచ్చి ఉంటే, దాని సర్వే గ్రామాలు ఇవాళ జగిత్యాల జిల్లాలోనో పెద్దపల్లి జిల్లాలోనో ఉండవచ్చు. జగిత్యాల అని వెతికే విద్యార్థికి అది రాదు. కడప స్పెల్లింగు 2005లో మారింది. విశాఖపట్నానికి వైజాగ్, వాల్తేరు కూడా వాడుకలో ఉన్నాయి. థీసిస్ మూడో అధ్యాయం తిరగేస్తే సర్వే చేసిన మండలాల పేర్లు కనిపిస్తాయి. వాటిని, ఇప్పటి జిల్లా పేరును వివరాల్లో చేర్చండి. డబ్లిన్ కోర్ అనే 15 అంశాల వివరణ పద్ధతిలో స్థలం కోసం, కాలం కోసం ఒక గడి ఉంది. డీస్పేస్‌లోనూ అది ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. పాత థీసిస్‌లలో చాలావాటికి సారాంశం ఉండదు కాబట్టి మొదటి అధ్యాయంలోని లక్ష్యాలు, చివరి అధ్యాయంలోని ముఖ్య ఫలితాలు నాలుగైదు వాక్యాల్లో మీరే రాయండి. కృత్రిమ మేధతో రాయిస్తే లేని అంకెలు వచ్చి పడే ప్రమాదముంది. థీసిస్ పక్కన పెట్టుకుని ప్రతి వాక్యమూ సరిచూశాకే ఎక్కించండి.

తెలుగులో రాసిన థీసిస్‌లకు వేరే జాగ్రత్త కావాలి. 1990ల నుంచి మన డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ మీద అను ఫాంట్లతో కొట్టిన థీసిస్‌లకు లెక్కలేదు. వాటి పీడీఎఫ్ తెర మీద చక్కటి తెలుగులో కనిపిస్తుంది. అందులోంచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి. అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తే కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలులో తెలుగే లేదు. మీరు 'జాషువా' అని వెతికితే, పుటపుటకూ జాషువా ఉన్న థీసిస్ కూడా రాదు. ప్రతి తెలుగు ఫైలుకూ ఎక్కించే ముందు ఈ పరీక్ష చెయ్యండి, నిమిషం కూడా పట్టదు. మూల ఫైలు దొరికితే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. దొరకకపోతే పేజీలను బొమ్మలుగా తీసుకుని ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించాలి. టెసరాక్ట్ ఉచితం, తెలుగు చదువుతుంది. అయితే ధ-థ, మ-ఘ, వ-ప తడబాట్లు, వత్తులు ఎగిరిపోవడాలు ఉంటాయి. మొత్తం దిద్దే తీరిక ఉండదు కాబట్టి శీర్షిక, విషయసూచిక, అధ్యాయాల పేర్లు చేత్తో దిద్దండి, మిగతాది వెతకడానికి పనికొస్తే చాలు.

యూనికోడ్‌లో ఉన్నా చిక్కులు తీరవు. పాత థీసిస్ శీర్షికలో 'వాఙ్మయము' ఉంటుంది, వెతికేవాడు 'వాఙ్మయం' అంటాడు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల మధ్య అక్షరాలను విడదీయడానికి కంటికి కనపడని గుర్తు ఒకటి టైపు చేస్తాం. ఒకరు వేసి, ఇంకొకరు వెయ్యకపోతే సెర్చ్‌కు అవి రెండు వేరు మాటలు. సూచీ తయారయ్యేటప్పుడు ఆ గుర్తును తీసేసేలా సాంకేతిక సిబ్బంది చేత సెట్టింగు పెట్టించండి. శీర్షికను ఉన్నదున్నట్టే ఉంచి, దాని నేటి రూపాన్ని ప్రత్యామ్నాయ శీర్షిక గడిలో, ఇంగ్లిషు లిపిలో రాసినదాన్ని ఇంకో గడిలో ఇవ్వండి. ఫోనులో తెలుగు టైపు చెయ్యని పాఠకులు ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్క ఇంగ్లిషు లిపి మీదే ఆధారపడితే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. తెలుగువారైన రాజ్ రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో భాగంగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో అమూల్యమైన తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఎంతోమంది పరిశోధకులు దానికి రుణపడి ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. కానీ పేర్లు ఇంగ్లిషు లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు రాయడంతో ఒక్క పుస్తకం పట్టుకోవడానికి అయిదారు రకాలుగా కొట్టి చూడాల్సి వచ్చేది.

పాఠకుడు మీ లైబ్రరీకి హోమ్‌పేజీ గుండా వస్తాడనుకోవద్దు. గూగుల్‌లో కొట్టి నేరుగా ఒక థీసిస్ పేజీ మీద దిగుతాడు. అందుకని ఆ పేజీ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. శీర్షిక, రచయిత, గైడ్, సంవత్సరం, సారాంశం పైనే ఉండాలి. చదవడానికి ఒకే ఒక్క పెద్ద బటన్, దాని పక్కనే ఫైలు ఎన్ని ఎంబీలో ఉండాలి. జిల్లాల్లో చాలామంది విద్యార్థులు ఫోనులోనే చదువుతారు, 80 ఎంబీ ఫైలు నొక్కాక తెలిస్తే డేటా అయిపోతుంది. ఉల్లేఖన సిద్ధంగా ఉండి కాపీ చేసుకునేలా ఉండాలి. సంవత్సరం గడిని ప్రత్యేకంగా చూసుకోండి. గుంపుగా ఎక్కించేటప్పుడు పొరపాటు జరిగితే 1987 థీసిస్‌కు ఎక్కించిన తేదీ పడి, అది నిన్న మొన్నటి పరిశోధనలా కనిపిస్తుంది.

గూగుల్ స్కాలర్ మీ సైటును చదవాలంటే ఒక్కో పీడీఎఫ్ 5 ఎంబీ దాటకూడదని దాని నిబంధనల్లో ఉంది. రంగుల్లో స్కాన్ చేసిన 300 పేజీల థీసిస్ అంతకు ఎన్నో రెట్లుంటుంది. 300 డీపీఐలో తీసిన అసలు ప్రతిని టిఫ్‌గా దాచుకుని, పాఠకుడికి నలుపు తెలుపులో కుదించిన ప్రతి ఇవ్వండి. పటాలు, ఫొటోలున్న పేజీలకే రంగు. అప్పటికీ తగ్గకపోతే అధ్యాయాలుగా విడదీయవచ్చు, శోధ్‌గంగలో అధ్యాయాల వారీగా ఉండటం చూసే ఉంటారు. అలా విడదీస్తే ప్రతి ఫైలుకూ అధ్యాయం పేరు పెట్టండి. ఉత్త నంబర్లు చూసి పాఠకుడు ఒక్కోటీ తెరిచి చూడాల్సిన పరిస్థితి రాకూడదు. వివరాలన్నీ సరిగ్గా పడ్డాయో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి జొటెరో అనే ఉచిత ఉల్లేఖనల సాఫ్ట్‌వేర్. మీ థీసిస్ పేజీ తెరిచి జొటెరో బటన్ నొక్కండి. రచయిత, శీర్షిక, సంవత్సరం సరిగ్గా వచ్చాయంటే స్కాలర్‌కూ చాలావరకు సరిగ్గానే అందుతాయి.

ఒకటి రెండు వందలు ఎక్కించగానే నలుగురైదుగురు విద్యార్థులను పిలిచి కూర్చోబెట్టండి. అయిదుగురితో పరీక్షిస్తే ముఖ్యమైన లోపాలు చాలావరకు బయటపడతాయని వాడుకసౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. నా అనుభవమూ అదే. 'మీ జిల్లా మీద మీ సబ్జెక్టులో జరిగిన పరిశోధన ఒకటి పట్టుకోండి' అని చెప్పి, మౌనంగా పక్కన కూర్చోండి. సాయం చెయ్యాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. డీస్పేస్‌లో 'కమ్యూనిటీలు, కలెక్షన్లు' అన్న మెనూ దగ్గర ఒకమ్మాయి వేలు ఆగిపోవడం చూశాను. 'ఇది మాకు కాదేమో సార్, సంఘాలకు సంబంధించిందనుకుంటా' అంది. ఆ మాట మార్చి 'విభాగాలు' అని పెట్టాక మళ్లీ ఎవరూ అక్కడ ఆగలేదు. ఇంకొకరు సెర్చ్ బాక్సులో పూర్తి వాక్యం టైపు చేశారు. మరొకరు లాగిన్ బటన్ చూసి పాస్‌వర్డ్ లేదని వెనక్కి వెళ్లబోయారు. అందరికీ తెరిచిన లైబ్రరీ అని బటన్ పక్కనే రాసి ఉండాలన్న ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

చూపులేని విద్యార్థి ఒకరినైనా తప్పక పిలవండి. వాళ్లు వాడే ఎన్‌వీడీఏ లాంటి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఓసీఆర్ లేని పీడీఎఫ్ ఖాళీ కాగితం. ఇలాంటి అందుబాటు కోరే వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకన్నా ముందు, వాళ్లూ మన పాఠకులే.

హక్కుల సంగతి ఎవరూ ఇష్టపడి మాట్లాడరు, తర్వాత నోటీసు వస్తే జవాబు చెప్పాల్సింది మాత్రం మీరే. థీసిస్ మీద కాపీరైటు సాధారణంగా రాసినవారిది. మన చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు అది ఉంటుంది. కొత్త థీసిస్‌లకు సమర్పించేటప్పుడే అనుమతి పత్రం మీద సంతకం తీసుకోండి. లైబ్రరీ ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్‌తో దీన్ని కలిపితే ఎవరి వెంటా పడక్కర్లేదు. పాత థీసిస్ రచయిత ఆచూకీ దొరకకపోతే సారాంశం అందరికీ, పూర్తి ప్రతి క్యాంపస్‌లో చదువుకునేవారికే ఇవ్వడం క్షేమం. అధ్యాపకుల జర్నల్ వ్యాసాల విషయంలో, ప్రచురణ సంస్థ ముద్రించిన పీడీఎఫ్‌ను అడగకుండా పెట్టొద్దు. సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన రాతప్రతిని కొంతకాలం ఆగి పెట్టుకోవడానికి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఏ జర్నల్ ఏమంటుందో ఒకప్పటి షెర్పా రోమియో, ఇప్పటి ఓపెన్ పాలసీ ఫైండర్ సేవలో చూడవచ్చు. పేటెంటుకు వెళ్లే థీసిస్‌ను దరఖాస్తు పడకముందే బయటపెడితే హక్కు పోయే ప్రమాదముంది. డీస్పేస్‌లో ఫలానా తేదీ దాకా మూసి ఉంచే ఏర్పాటు ఉంది, వాడండి.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేవి అనుబంధాలు. సర్వేలో మాట్లాడిన మహిళల పేర్లు, ఫోన్ నంబర్లు, రోగుల ముఖాలు కనిపించే ఫొటోలు, కొన్నిచోట్ల ఆధార్ నకళ్లు. బీరువాలో ఉన్నన్నాళ్లు వాటిని చూసినవాళ్లు కొద్దిమందే. ఇంటర్నెట్‌లో పెట్టాక ఎవరు చూస్తారో మన చేతిలో ఉండదు. గృహహింస మీద ఒక థీసిస్ ఉందనుకోండి, దాని అనుబంధంలో పేరుతో సహా చెప్పుకున్న గోడు ఆ ఊళ్లోవాళ్లే చదవగలరు. ప్రతి థీసిస్ చివరి యాభై పేజీలు మనిషి కళ్లతో చూసి, అలాంటివి మూసేశాకే ఎక్కించాలి. ఇందులో మినహాయింపు ఇవ్వకండి.

భద్రత గురించి యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు బ్రిటిష్ లైబ్రరీ సంగతి చెప్పండి. 2023 అక్టోబరు చివర్లో దాని మీద సైబర్ దాడి జరిగింది. ప్రధాన కేటలాగు పాక్షికంగా తిరిగి రావడానికే 2024 జనవరి మధ్య దాకా పట్టింది. బ్రిటన్‌లోని థీసిస్‌లను చూపించే సేవ అంతకన్నా చాలా ఎక్కువ కాలం మూతపడి ఉంది. అంత పెద్ద సంస్థకే అలా జరిగింది. అందుకే మన ఫైళ్లకు మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి క్యాంపస్ బయట ఉండాలి. ఆరు నెలలకోసారి బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూడండి, అలా చూడని బ్యాకప్‌ను నమ్మలేం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు కూడా తర్వాత మూతపడింది. అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కాపీలు ఉండబట్టే.

లింకులూ అంతే ముఖ్యం. డీస్పేస్ వేయించి వదిలేస్తే ప్రతి థీసిస్ చిరునామాలో 123456789 అనే అంకె ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే నమూనా అంకె, ప్రపంచంలో ఎన్నో సైట్లలో అదే కనిపిస్తుంది. ఏటా కొద్ది రుసుము కట్టి సొంత హ్యాండిల్ నంబరు తీసుకుంటే, రేపు కాలేజీ వెబ్‌సైటు చేసే ఏజెన్సీ మారినా పాత లింకు పనిచేస్తుంది. మీ విద్యార్థి థీసిస్‌ను ఎవరో తమ పుస్తకంలో ఉటంకించాక ఆ చిరునామా చచ్చిపోతే మళ్లీ బతికించలేం. మొదటి థీసిస్ ఎక్కించకముందే ఈ రుసుము మంజూరు చేయించుకోండి.

సైటు నడుస్తున్నప్పుడు ప్రతి సోమవారం చూడాల్సిన కాగితం ఒకటుంది: వెతికితే ఏమీ రాని మాటల జాబితా. సెర్చ్ లాగ్‌లోంచి దాన్ని తీయించుకోవచ్చు. అందులో స్పెల్లింగు తేడాలుంటాయి, పర్యాయపదాలుంటాయి, నిజంగానే మీ దగ్గర లేనివీ ఉంటాయి. మొదటి రెండిటినీ ఆ వారమే సరిచెయ్యండి. మూడోదాన్ని సంబంధిత డిపార్ట్‌మెంటుకు పంపండి, ఏ అంశాల మీద విద్యార్థులకు ఆసక్తి ఉందో వాళ్లకు తెలుస్తుంది.

ఉద్యోగం వెతుక్కుంటున్నవారికి రెండు మాటలు. అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ ఉండాల్సిందే, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ప్రాజెక్టుల్లో, ప్రైవేటు యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో 'డీస్పేస్ తెలుసు' అని రెజ్యూమెలో రాసినవాళ్లు చాలామంది ఉంటారు, చేసి చూపించేవాళ్లు తక్కువ. మీ ల్యాప్‌టాప్‌లో డాకర్ సాయంతో డీస్పేస్ పెట్టుకోండి. లినక్స్‌లో పదిపదిహేను ఆదేశాలు, షీటులోంచి గుంపుగా వివరాలు దిద్దడం, ఓపెన్‌రిఫైన్, ఓసీఆర్ చేతికి అలవాటయ్యేదాకా చెయ్యండి. మీరు చదివిన డిపార్ట్‌మెంటులోనే అనుమతి తీసుకుని ఓ యాభై డిసర్టేషన్లకు పూర్తి వివరాలు రాయండి. ఇంటర్వ్యూలో డీస్పేస్ నిర్వచనం అడిగితే చెప్పి, వెంటనే తెరిచి చూపించండి: మొదట్లో ఏ మాటలకు ఏమీ రాలేదో ఆ జాబితా, మీరు చేసిన మార్పులు, ఇప్పుడు అవే మాటలకు వస్తున్న ఫలితాలు. ఆ మూడూ పక్కపక్కన పెట్టిన ఒక్క పేజీ ప్రింటు తీసి ఫైల్లో ఉంచుకోండి.